దేవుడు ముట్టుకున్న మట్టి

పాస్టర్ గారికి, సంఘ పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఒంగోలు కూటానికి 'మనిషి ఆత్మ' అనే అంశం ఇచ్చారు. గ్రీకు తత్వవేత్త ప్లేటో దగ్గర మొదలుపెడదామని నోట్సు రాసుకొచ్చాను. దేహం చెర అనీ, ఆత్మ అందులో ఖైదీ అనీ ఆయన అన్నాడు. అంతవరకు చాలు, నోట్సు మూసేస్తున్నా. ఆ మాటే మొన్న మన సమాధుల తోటలో విన్నాను.

పోయినామె మా పెద్దమ్మ. పొగాకు ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్ దగ్గర, పచ్చి ఆకు కర్రలకు కట్టి బతికిన మనిషి. స్నానం చేయించినా గోళ్ల సందుల్లో ఆ నల్ల జిగురు పోలేదు. కూతురు ఆ చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే, వాక్యం చెప్పే ఆయన, "ఏడవకమ్మా, ఇది ఉత్త డొప్ప, ఆత్మ ఎప్పుడో వెళ్లిపోయింది" అన్నాడు. ఆ పిల్ల చెయ్యి వదిలేసింది. నాకు కడుపు రగిలిపోయింది.

డొప్పా? ఆదికాండం రెండో అధ్యాయం తీయండి. దేవుడు ముందు మట్టి తీసుకున్నాడు, తన చేతుల్తో మలిచాడు, తర్వాతే ఊపిరి ఊదాడు. రెండూ కలిస్తేనే మనిషి. ఆత్మ ఉండదని నేననటం లేదు. వెళ్లిపోయి క్రీస్తుతో ఉండటం మేలని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. కానీ కథ అక్కడితో అయిపోలేదు. "నా ఆత్మే నేను కాదు" అని 13వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ రాశాడు. శరీరం తిరిగి లేవాలి. యేసు గాయాలతోనే లేచాడు, శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఇది మనకి ఉత్త సిద్ధాంతం కాదు, అమ్మా. మన తాతల ఒంటిని ఊరు ముట్టుకోలేదు. 1876-78 కరువులో అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని మన వాళ్లకి కూలీ ఇప్పించాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు గడిచేదాకా బాప్తీస్మాలు ఆపాడు. ముందు కడుపు చూశాడు! 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తీస్మం అయింది. అంటరానివాళ్లన్న ఆ ఒళ్లనే బోధకులు చేతుల్తో పట్టుకుని నీళ్లలో ముంచి లేపారు. అట్లాంటి ఒంటిని మన పుల్పిట్ మీద నుంచే డొప్ప అంటే ఎట్లా?

తమ్ముళ్లూ, మీరు రేపు వాక్యం చెప్పేవాళ్లు. పాస్టర్ గారూ, మిమ్మల్ని కూడా చేతులు జోడించి అడుగుతున్నా. భూస్థాపనలో, శరీరం తిరిగి లేస్తుందని చెప్పే మొదటి కొరింథీయులు పదిహేనో అధ్యాయం మొత్తం చదవండి. కూతుళ్లని ఏడవనివ్వండి. పెట్టె మూయమని తొందర చేయకండి, ఆ చెయ్యి ఇంకాసేపు పట్టుకోనివ్వండి.