ఫ్యాక్టరీ రైలు రివ్యూ: తీగ లాగడంలో మొనగాడే, మరి గుంతల సంగతి?

నమస్తే అందరికీ. బల్ల మీదున్న ఈ పసుపు బండిని ఒక మోడల్ రైళ్ల షాపువాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో చెప్పలేదు. కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. పెయింట్ బాగుంది. చక్రాలు సాఫీగా తిరుగుతున్నాయి. వెనకవైపు మెట్ల కమ్మీ మాత్రం డబ్బా తెరిచేసరికే విరిగి ఉంది, ఫెవిక్విక్ పెట్టాను. మోడల్ రివ్యూ అయిపోయింది.

ఇప్పుడు అసలు బండి దగ్గరికి వద్దాం. లండన్ నుంచి కార్డిఫ్ వైపు వెళ్లే గ్రేట్ వెస్టర్న్ లైన్‌కి కరెంటు తీగలు వేయడానికి జర్మనీలోని విండ్‌హాఫ్ కంపెనీ కట్టిన రైలు ఇది. కట్టించుకుంది నెట్‌వర్క్ రైల్, అంటే బ్రిటన్‌లో పట్టాలు చూసుకునే సంస్థ. మొత్తం 23 వాహనాలు, మకాం అప్పట్లో ఆ లైన్ మీదే ఉన్న స్విండన్‌లో. పత్రికలవాళ్లు దీన్ని 'ఫ్యాక్టరీ ట్రైన్' అన్నారు. ఒక భాగం స్తంభాల పునాదికి నేలలోకి ఉక్కు గొట్టాలు దించుతుంది, ఒకటి కాంక్రీటు పోస్తుంది, ఒకటి స్తంభాలు నిలబెడుతుంది, ఇంకొకటి తీగలు లాగుతుంది. స్పెసిఫికేషన్లు వేరే చానళ్లలో చూసే ఉంటారు, మళ్లీ చదివి మీ టైమ్ తినను. నాకు కావలసింది తీగ లాగే భాగం. సగం వీడియో దాని మీదే పోతుంది, ముందే చెప్తున్నాను.

మీలో ఎంతమంది సంక్రాంతికి పతంగులు ఎగరేశారు? నాకు ఎగరేసే భాగ్యం చాలా ఆలస్యంగా దక్కింది. అన్నయ్య ఎగరేస్తుంటే నేను వెనక చరఖా పట్టుకునేవాణ్ణి. అందరూ పతంగి వైపే చూస్తారు కానీ అసలు పని చరఖా పట్టుకున్నవాడిది. బొటనవేలితో కొంచెం అదిమిపెట్టాలి. మరీ వదిలేస్తే మాంజా ముద్దలా కింద పడి చిక్కు పడుతుంది. మరీ బిగిస్తే పైన పట్టుకున్నవాడి వేలు తెగుతుంది, ఆ తర్వాత మన వీపు విమానం మోత మోగుతుంది.

ఈ రైల్లో నాకు పిచ్చిగా నచ్చింది ఆ బొటనవేలే. రాగి తీగ చుట్టిన పెద్ద పెద్ద డ్రమ్ములుంటాయి. రైలు మెల్లగా ముందుకు పోతుంటే తీగ వెనక్కి విడుదలవుతుంది. అది ఊరికే జారిపోకుండా బ్రేకు వెనక్కి పట్టి ఉంచుతుంది. రేపు లైన్ నడిచేటప్పుడు తీగలో ఎంత బిగువు ఉండాలో, వేసేటప్పుడే అంత బిగువుతో వేస్తుంది. పైన మోసే క్యాటనరీ, కింద పాంటోగ్రాఫ్ (రైలు నెత్తిమీద ఉండి కరెంటు అందుకునే చట్రం) రాసుకునే కాంటాక్ట్ వైర్, రెండూ కలిసే బయటికి వస్తాయి. బండి పైన ఉన్న చేతులు వాటిని సరైన ఎత్తులో పట్టుకుంటే, బండి మీదే ఉన్న ప్లాట్‌ఫారం ఎక్కి నిలబడ్డవాళ్లు స్తంభాలకు తగిలించుకుంటూ పోతారు.

ఇందులో ఏముంది అంటారా? ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఈ మోడల్ మీద ఉన్న చిన్న డ్రమ్ముకి మా ఆవిడ కుట్టుమిషన్ దారం చుట్టాను. ఒక కొస ఈ పెన్సిల్‌కి కట్టాను. ఇప్పుడు వేలు పెట్టకుండా బండిని లాగుతున్నాను... చూశారా? మూడు చోట్ల మెలిక. ఇప్పుడు దీన్ని ఎంత లాగి సరిచేసినా ఆ వంపు ఆనవాలు పోదు. రాగి తీగ కూడా అంతే. పైగా కింద రైళ్లు పోయేది గంటకు 200 కిలోమీటర్ల వేగంతో. చిన్న వంకర ఉన్నా పాంటోగ్రాఫ్ అక్కడ ఎగిరిపడుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, తీగ అక్కడే అరుగుతుంది. మళ్లీ చుట్టి, ఈసారి వేలు పెట్టి లాగుతున్నాను. ఒక్క మెలిక లేదు, గీత గీసినట్టుంది.

ఇంకో లాభం డ్రాపర్ల దగ్గర. పైతీగ నుంచి కిందితీగను వేలాడదీసే చిన్న చిన్న తీగ ముక్కలు డ్రాపర్లు. బిగువు ఎంతో ముందే తెలిస్తే, ఒక్కో డ్రాపర్ ఎంత పొడవుండాలో వర్క్‌షాపులోనే లెక్కగట్టి కోసి, నంబరు వేసి తెచ్చుకోవచ్చు. తగిలించడమే మిగులుతుంది.

మా పెదనాన్న కాజీపేటలో ఓహెచ్‌ఈ డిపోలో, అంటే పట్టాల పైన కరెంటు తీగలు చూసుకునే చోట చేశారు. ఆయన బండి టవర్ వ్యాగన్. ఒకే పెట్టె, పైన లేచే ప్లాట్‌ఫారం. చిన్నప్పుడు మేం దాన్ని మేడ రైలు అనేవాళ్లం. కొత్త లైన్‌లో తీగ వేయాలంటే ముందు పైతీగ, తర్వాత కిందితీగ. తాత్కాలికంగా వేలాడదీయడం, బిగించడం, మళ్లీ టవర్ వ్యాగన్ ఎక్కి ఎత్తులు సరిచూడటం. రైళ్లు ఆపి పనికిచ్చే సమయాన్ని బ్లాక్ అంటారు. "బ్లాక్ మూడు గంటలిస్తే, లైన్ ఆఫ్ చేసి ఎర్త్ పెట్టడానికి, చివర్లో అవన్నీ తీయడానికి ఎంత పోతుందో లెక్కేసుకోరా" అనేవారు. ఈ జర్మన్ బండి వీడియోలు ఫోన్‌లో చూపిస్తే రెండుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశారు. ఆయన మెచ్చుకోలు అదే, నోటితో చెప్పరు.

సరే, ఇప్పుడు చిరాకు సంగతి. నేను 2015లో ఇదే లైన్ మీద, లండన్‌కీ స్విండన్‌కీ మధ్యలో ఉన్న రెడింగ్‌కి వచ్చాను. అప్పటి నుంచి రోజూ కిటికీలోంచి ఈ పనే చూశాను. ఒక చోట నేలలోంచి ఉక్కు గొట్టాలు పొడుచుకొచ్చి ఉండేవి, పైన స్తంభాలుండవు. ఇంకోచోట స్తంభాలుండేవి, తీగ ఉండదు. ఎన్ని ఆదివారాలు రైలు బదులు బస్సెక్కి, చంటిపిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగి లండన్ చేరానో లెక్కే లేదు. ఒకసారి ఆ బస్సు కూడా రాలేదు. ఇంత మంచి బండి పెట్టుకుని ఇదేం ఖర్మరా అనుకునేవాణ్ణి.

తప్పు తీగ దగ్గర కాదు, గొట్టం దగ్గర. పైలింగ్ యూనిట్ నేలలోకి గొట్టాన్ని అదరగొడుతూ దించుతుంది. కానీ ఆ నేలలో ఏముందో ఎవరికి తెలుసు? దశాబ్దాల కిందట పూడ్చిన సిగ్నల్ కేబుళ్లు పటాల్లో ఒకచోట, నేలలో ఇంకోచోట. గొట్టం కేబుల్‌కి తగిలిందంటే పొద్దున సిగ్నళ్లు పనిచేయవు. అందుకని ముందు చేత్తో గుంత తవ్వి చూడాలి. అంటే ఫ్యాక్టరీ రైలు కన్నా ముందు పార పట్టుకున్న మనిషి నడవాలి. పైగా పునాదులు అవసరాన్ని మించి లోతుగా డిజైన్ చేశారని తర్వాత రైల్వే పరిశ్రమ వాళ్లే 2019 నివేదికలో రాసుకున్నారు. లోతు పెరిగితే ఒక రాత్రిలో దిగే గొట్టాలు తగ్గుతాయి. రైలు స్విండన్ నుంచి రావాలి, తెల్లారేలోపు వెనక్కి పోవాలి. రెడింగ్ దాకా అంటేనే సుమారు 65 కిలోమీటర్లు.

2016లో అక్కడ ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ తేల్చింది: మెయిడెన్‌హెడ్ నుంచి కార్డిఫ్ దాకా ఖర్చు రెండేళ్లలో 160 కోట్ల పౌండ్ల నుంచి 280 కోట్లకు పోయింది. కొత్త టెక్నాలజీ ఎంత పని చేస్తుందన్న దాని మీద ఆశలు మరీ ఎక్కువ పెట్టుకున్నారని కూడా అంది. బాత్, ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్ స్టేషన్లకు కరెంటు పెట్టడం వాయిదా. 2017లో కార్డిఫ్ దాటాక వచ్చే స్వాన్సీ దాకా అయితే ఏకంగా రద్దు. దాంతో కరెంటు మీద పోవాల్సిన రైళ్లు పొట్ట కింద డీజిల్ ఇంజిన్లు మోసుకుని తిరుగుతున్నాయి. కరెంటు రైలు కార్డిఫ్ చేరేసరికి 2020 జనవరి అయింది.

కార్డిఫ్ దారిలోనే ఉన్న సెవెర్న్ సొరంగంలో అయితే ఇలా లాగిన తీగ కాదు, పైకప్పుకి అల్యూమినియం కడ్డీ బిగించి దానికి రాగి తీగ తగిలించారు. లోపలి తేమకి అదీ తుప్పు పట్టింది. సొరంగంలోంచి కరెంటు మీద పోవడం 2020 జూన్‌లో గానీ కుదరలేదు, అప్పటిదాకా అక్కడ డీజిల్ మీదే. అది వేరే వీడియో.

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. మన దేశంలో 2022-23 ఒక్క ఏడాదిలోనే 6,542 రూట్ కిలోమీటర్లకు కరెంటు పెట్టారు. ఇలాంటి రైళ్ల మీద ఆధారపడి కాదు, ఎక్కువ భాగం గుంతలు తవ్వే ఆగర్లు, క్రేన్లు, టవర్ వ్యాగన్లు, వేల మంది మనుషులతో. దీన్ని చూపించి బ్రిటన్‌వాళ్లను ఆటపట్టించడం సులువే. కానీ అక్కడ లైన్ తెల్లారేసరికల్లా ఖాళీ చేయాలి, వేగం 200, వంతెనలు విక్టోరియా రాణి కాలంవి. స్టీవెన్‌టన్‌లో ఒక పాత వంతెనను తీయనివ్వలేదని తీగను దాని కింద కిందికి వంచి పోనిచ్చారు, కొన్నాళ్లు రైళ్లు అక్కడ మెల్లగా పోవాల్సి వచ్చింది. ఆ తలనొప్పికి ఏ మెషినూ మందు కాదు.

నా మార్కులు: తీగ లాగే యూనిట్‌కి పదికి తొమ్మిదిన్నర. పైలింగ్ యూనిట్‌కి నాలుగు, అది కూడా పెదనాన్న మొహం చూసి. మీ ఊళ్లో ఇలాంటి రైలు కొనాలంటే, నన్నడిగితే, తీగ యూనిట్ ఒక్కటే కొనండి. ముందు నేల కింద ఏముందో పటం గీయించుకోండి, స్తంభాలు మామూలుగా వేసుకోండి.

మోడల్‌ని గివ్‌అవే పెట్టమని అడక్కండి. ఇందాక మెలిక పడ్డ దారం ఇరుసులోకి పోయి చుట్టుకుంది, చక్రం తిరగట్లేదు. మా ఆవిడ దారం ఎక్కడని అడుగుతోంది. సూది తెచ్చుకుని తీయాలి, ఉంటాను.