పండుగ లేని నెల ఖర్చు

శ్రోతలకు నమస్కారం.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పిల్లలు బతుకుదెరువుకు ముంబై, పుణె, హైదరాబాద్ పోతే ఇంటి దగ్గర ముసలివాళ్లే మిగలడం మనకు కొత్త కాదు. కాళ్లు చేతులు ఆడినన్నాళ్లు ఆసరా పింఛనుతో ఎలాగో నెట్టుకొస్తారు. మంచం పట్టాకే అసలు తిప్పలు. అప్పుడు ఏ చర్చి వాళ్లదో, ఏ మఠానిదో, ఏ భక్తుల ట్రస్టుదో ఆశ్రమం దిక్కవుతుంది.

ఆ ఆశ్రమాలకు మనం ఇవ్వడం లేదని కాదు. క్రిస్మస్‌కు కేకు, రంజాన్‌కు సేమ్యా, శ్రావణంలో పులిహోర, ఎవరి పుట్టినరోజో అయితే బిర్యానీ. షుగరున్న పెద్దాయన ముందు ఒకే రోజు రెండు స్వీట్ డబ్బాలు! ఫోటో దిగి, కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోతాం. తప్పనను. కానీ ఆశ్రమం నడిచేది ఆ భోజనంతో కాదు.

పక్షవాతంతో కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఒక్కరి వల్ల కాదు. ఒకరు భుజం కింద, ఇంకొకరు నడుము కింద చెయ్యి పెట్టి, చర్మం పరుపుకు రాసుకోకుండా లేపి తిప్పాలి. రాత్రి రెండింటికీ అంతే, నాలుగింటికీ అంతే. ఆ ఇద్దరికీ నెల తిరిగేసరికి జీతం కావాలి. డైపర్ ఒకటి 30, 40 రూపాయలు, రోజుకు మూడైనా మార్చాలి. ఒక్క మనిషికి ఆ పద్దే నెలకు 3,000కు అటూ ఇటూ. అన్నదాత అని ఫ్లెక్సీ కడతాం గానీ, డైపర్ల దాత అని ఎవరైనా కట్టారా?

1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ అనే ఆమె, చూపు లేక పక్షవాతంతో ఉన్న ఒక ముసలామెను తెచ్చి తన మంచం ఇచ్చేసింది. ఆ తర్వాత మరికొందరిని చేర్చుకుని, బుట్ట పట్టుకుని ఇంటింటా అడిగింది. ఆమె మొదలుపెట్టిన సిస్టర్ల సంఘమే మన సికింద్రాబాద్‌లోనూ వృద్ధాశ్రమం నడుపుతోంది. అడిగి తెచ్చుకునే పద్ధతిని వాళ్లు ఈనాటికీ వదల్లేదు. నాకు అనిపించేది, భక్తి ఇక్కడ చేసే పెద్ద పని అదే: అడిగేవాళ్లకు సిగ్గు పోగొడుతుంది, ఇచ్చేవాళ్లకు గడువు పెడుతుంది. క్రైస్తవులు సంపాదనలో పదో వంతు ఇచ్చే దశమభాగం జీతంతోపాటే వస్తుంది కాబట్టి ఇలాంటి నెలసరి ఖర్చుకు బాగా అక్కరకొస్తుంది. ముస్లింలు ఇచ్చే జకాత్ ఏడాదికోసారి, మిగులు సొమ్ములో రెండున్నర శాతం. అందులో ఒక మెలిక ఉంది: కన్న తల్లిదండ్రులకు ఇచ్చింది జకాత్ లెక్కలోకి రాదు. వాళ్లను చూసుకోవడం ఎలాగూ బాధ్యతే!

గుడుల్లో శాశ్వత అన్నదానం మీకు తెలుసు. అసలు సొమ్ము అలాగే ఉంచి, వడ్డీతో ఏటా మనం కోరిన తేదీన భోజనం పెడతారు. అదే పద్ధతిలో రాత్రి ఆయా జీతానికి ఒక నిధి కట్టే దాతలు మన జిల్లాల్లో ఎందుకు ఉండకూడదు?

ఈసారి ఆశ్రమానికి వెళ్లేముందు ఫోన్ చేసి, ఈ నెల దేనికి ఇబ్బందిగా ఉందో అడగండి. ఫలానా దానికే వాడాలన్న షరతు లేకుండా ఇస్తే జీతాలకు వాడుకుంటారు. రసీదు తప్పక తీసుకోండి. పన్ను మినహాయింపు కావాలంటే 2,000 దాటిన మొత్తాన్ని నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా పంపండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు రాదు, అది కూడా చూసుకోండి.

సెలవు. నమస్కారం.