రాజ్యం మీది, గల్లాపెట్టె ఎవరిది?

(తెర మీద: టేబుల్, మ్యాప్, పాచికలు, సగం తాగిన ఇరానీ చాయ్, ఒక గిన్నెలో చింతగింజలు)

పోయిన ఆదివారం హిమాయత్‌నగర్‌లో మా ఇంట్లో ఆరు గంటలు ఆడాం. ఒక్కరూ కత్తి దూయలేదు. అయినా సాయంత్రానికి నా రాజ్యంలో నా మాట చెల్లకుండా పోయింది. ఎలాగో చెప్తాను.

ఈ ఆట 'బర్త్‌రైట్'. టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా ఆడే డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇదొక సెట్టింగ్, అంటే కథ జరిగే ప్రపంచం. టీఎస్ఆర్ కంపెనీ 1995లో తెచ్చింది. మామూలుగా ఇలాంటి ఆటల్లో గుహలో దూరి, రాక్షసుణ్ణి చంపి, నిధి పట్టుకొస్తాం. ఇందులో మొదటి రోజే మీరు రాజు కావచ్చు, గుడి పెద్ద కావచ్చు, వర్తకుల పెద్ద కావచ్చు.

కథ పొట్టిగా: అజ్రాయ్ అనే దుష్టదేవుణ్ణి అంతం చేయడానికి మిగతా దేవుళ్లు తామూ అంతమైపోయారు. ఆ శక్తి యుద్ధభూమిలో ఉన్నవాళ్ల రక్తంలోకి దిగింది. రాజవంశాలు అలా పుట్టాయి. సెరిలియా ఖండంలో అన్వీర్ సామ్రాజ్యపు ఇనుప సింహాసనం ఇప్పుడు ఖాళీ. అందరి కన్నూ దాని మీదే.

(తెర మీద: ఒక్క ప్రావిన్స్, దగ్గరగా)

అసలు మజా ఇక్కడుంది. ప్రావిన్స్‌కు రాజు మీరే. కానీ అందులో చట్టం, గుడి, వర్తకం, మంత్రశక్తి అని నాలుగు రకాల పట్టు ఉంటుంది. ఆటలో ఒక్కో పట్టునూ 'హోల్డింగ్' అంటారు. నాలుగూ నలుగురి చేతుల్లో ఉండొచ్చు. హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్త కాదు. నిజాం కాలంలో సర్ఫ్-ఎ-ఖాస్ భూముల రాబడి నేరుగా ఆయనకే. పాయిగా అమీర్లకు, అంటే నిజాం కొలువులోని పెద్ద ప్రభువులకు, వాళ్ల జాగీర్లు, గద్వాల, వనపర్తిలకు వాళ్ల సంస్థానాధీశులు. మ్యాప్‌లో రంగు ఒకటే, వసూళ్లు మాత్రం వేరే వేరే సంచుల్లోకి.

మాంత్రికుడితో ఇంకో తలనొప్పి. జనం పెరిగేకొద్దీ ఆ చోట మంత్రశక్తి తగ్గుతుంది. మీరు ఊరు పెంచుదామంటారు, అతను వద్దంటాడు. ఖాజాగూడ గుట్టల పక్కన టవర్లు లేస్తుంటే రాళ్లను ప్రేమించేవాళ్లకు ఎలా ఉంటుందో, అతనికీ అలాగే.

ఇక ఆదివారం సంగతి. ఒక్కో టర్న్ అంటే మూడు నెలలు, నెలకో అడుగు. వర్తకుల పెద్దగా ఆడే మా ఫ్రెండ్ నా చట్టం హోల్డింగ్ మీద కన్నేశాడు. పాచిక వేసే ముందు ఇద్దరం రీజెన్సీ పాయింట్లు ఒడ్డొచ్చు. రీజెన్సీ అంటే పరపతి అనుకోండి. మేం దాన్ని చింతగింజలతో లెక్కపెట్టుకుంటాం. నేను మూడు పెట్టాను, వాడు నాలుగు. నేను ఇంకో రెండు. అప్పుడు గుడి పెద్దగా ఆడే మా చెల్లెలు నిదానంగా ఐదు గింజలు వాడి వైపు జరిపింది.

పాచిక పడింది. ఆ హోల్డింగ్ నుంచి నాకు పాయింట్లు రావడం ఆగింది.

"నువ్వెందుకే మధ్యలో?" అన్నాను.

ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ అంది: "పోయిన టర్న్‌లో నా గుడికి పర్మిషన్ ఇచ్చావా అన్నయ్యా?"