కదలకుండా పడుకోలేని పిల్లల సంగతి

(అమలాపురంలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. ఇందాకటి నుంచి మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే: "మా బాబుకి బ్రెయిన్ స్కానింగ్ తీయిస్తే ఆటిజం ఉందో లేదో తేలిపోతుందా?" తేలదండి. ఈ రోజుకీ ఆటిజాన్ని నిర్ధారించేది బిడ్డ తీరు చూసి, మీతో మాట్లాడే. ఫిట్స్ వస్తున్నా, వచ్చిన మాటలు పోతున్నా డాక్టరుగారు ఎమ్మారై రాయొచ్చు. అది వేరే జబ్బేమైనా ఉందేమో చూడటానికి. అప్పు చేసి కాకినాడ వెళ్ళి తీయించాక "నార్మల్" అని వచ్చిందనుకోండి, ఆటిజం లేదని దానర్థం కాదు.

మరి పరిశోధకులు ఎందుకు తీస్తున్నట్టు? ఒక్క బిడ్డ గురించి చెప్పడానికి కాదు, వందలమందిని కలిపి చూడటానికి. 2012లో అబైడ్ పేరుతో 17 పరిశోధన కేంద్రాలు తమ దగ్గరున్న 1,112 మంది స్కాన్లని అందరికీ అందుబాటులో పెట్టాయి. వాళ్ళలో 539 మంది ఆటిజం ఉన్నవాళ్ళు. 2017లో అమెరికా పరిశోధకులు, అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పసిపిల్లల్ని మత్తివ్వకుండా నిద్రలోనే స్కాన్ చేశారు. తర్వాత ఆటిజం తేలినవాళ్ళలో 6, 12 నెలల మధ్యే మెదడు పైపొర మిగతావాళ్ళకంటే వేగంగా విస్తరించిందని చూపించారు. ఎంతో ఓపిక పెట్టి చేసిన పని అది.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. తల మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా స్కాన్‌లో లేని తేడాలు ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకని బాగా కదిలిన పిల్లల స్కాన్లు పక్కన పడేస్తారు. మిగిలేదెవరండీ? మాట వచ్చినవాళ్ళు, చెప్పింది అర్థం చేసుకుని ఎమ్మారై యంత్రం గొట్టంలో కదలకుండా పడుకోగలిగినవాళ్ళు. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో డప్పుల మోతకి చెవులు మూసుకుని ఏడ్చే బిడ్డ, వంద డెసిబెల్స్ దాటే ఆ యంత్రంలో ఎలా పడుకుంటాడు? ఆటిజం మెదడు ఇలా ఉంటుందని రాసిన చాలా వ్యాసాల్లో ఆ బిడ్డ లేడు. సాయం ఎక్కువ కావలసింది వాడికే.

వాణ్ణి చేర్చుకునే దారి లేకపోలేదు. అసలు యంత్రం లాంటి ఉత్తుత్తి స్కానర్‌లో ముందు అలవాటు చేస్తారు. ఇంట్లో మీరూ చెయ్యొచ్చు: పెద్ద అట్టపెట్టె రెండువైపులా తెరిచి అందులో పడుకోబెట్టడం, యంత్రం చప్పుడు ఫోన్‌లో సన్నగా వినిపించి రోజురోజుకీ కాస్త పెంచడం. వద్దంటే ఆపెయ్యడం మాత్రం మరిచిపోకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం మీ సంతకం ఒక్కటే చాలదు. ఏడేళ్ళు దాటిన బిడ్డ ఒప్పుకోలు కూడా అడగాలి. మాట రాని బిడ్డ చెయ్యి తోసేసినా అది వద్దన్నట్టే.

థెరపీ మాత్రం ఏ స్కాన్ కోసమూ ఆపకండి. రేపు ఎవరైనా పరిశోధన అంటూ మీ గుమ్మంలోకి వస్తే కూర్చోబెట్టి అడగండి: అలవాటు చేయడానికి ఎన్ని రోజులు ఇస్తారు? మా బిడ్డ స్కాన్ ఎవరి చేతికి వెళ్తుంది? కదిలారని తీసేసిన పిల్లలు ఎందరో, ఎలాంటివాళ్ళో మీ వ్యాసంలో రాస్తారా?