ఒకే మాట, పక్కపక్కన

శ్రోతలకు నమస్కారం.

మన దగ్గర కాలేజీ పిల్లలు కొందరు రాత్రి తొమ్మిదింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని అమెరికా విద్యార్థులతో కలిసి ప్రాజెక్టు చేస్తుంటారు. న్యూయార్క్‌లో అప్పుడు వేసవైతే పొద్దున పదకొండున్నర, చలికాలమైతే పదిన్నర. అక్కడ మార్చిలో, నవంబరులో గడియారాలు మారుస్తారు, మనం మార్చం. ఆ తేడా ఒకటి రెండు వారాల్లో అలవాటైపోతుంది. మాటల్లో ఉండే తేడాయే అంత తొందరగా అంతుపట్టదు.

1997లో అమెరికాలోని ఎంఐటీ అనే యూనివర్సిటీలో జిల్బెర్ట్ ఫర్‌స్టెన్‌బర్గ్ అనే ఫ్రెంచ్ అధ్యాపకురాలు తోటివారితో కలిసి 'కల్చురా' అనే కోర్సు మొదలుపెట్టారు. తన దగ్గర ఫ్రెంచ్ నేర్చుకునేవారికీ, ఫ్రాన్స్‌లో ఇంగ్లీషు నేర్చుకునేవారికీ ఒకే ప్రశ్నలు ఇచ్చారు. ఒక మాట చెప్పి, వినగానే ఏం గుర్తొస్తే అది రాయమన్నారు. జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూపించారు.

'వ్యక్తివాదం' అనే మాటకు అమెరికా పిల్లలు స్వేచ్ఛ, స్వతంత్రం అని రాస్తే, ఫ్రాన్స్ పిల్లలు స్వార్థం అని రాశారు. రెండు భాషల్లోనూ ఆ మాట చూడటానికి దాదాపు ఒకేలా ఉంటుంది. డిక్షనరీ చూస్తే ఈ తేడా దొరకదు. ఇక అక్కడినుంచి ప్రశ్నలే ప్రశ్నలు: మీకు అలా ఎందుకు అనిపించింది, మీ ఇళ్ళలో ఎలా ఉంటుంది అని.

నాకు ఎంతో నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఎవరి భాషలో వాళ్ళే రాయాలి. భాష నేర్పే క్లాసులో ఇదేమిటి అనిపిస్తుంది కదా! కానీ సొంత భాషలో రాస్తేనే మనసులో ఉన్నది పూర్తిగా బయటికి వస్తుంది. అవతలివాళ్ళకు అదే పాఠం అవుతుంది. అంతా ఇంగ్లీషులోనే జరిగితే, బాగా మాట్లాడగలిగినవాళ్ళదే పైచేయి. తప్పు వస్తుందేమోనన్న టెన్షన్‌తో మన పిల్లలు 'ఎస్, ఎస్' అని ఊరుకుంటారు. అవతలివాళ్ళు అది ఒప్పుకోవడమే అనుకుంటారు. మన 'చూద్దాంలెండి'లో ఎన్నిసార్లు 'కాదు' దాక్కుని ఉంటుందో వాళ్ళకెలా తెలుస్తుంది?

తర్వాత 2006లో న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ ఇలాంటి ఉమ్మడి కోర్సులకోసమే ఒక కేంద్రం పెట్టింది. రెండు దేశాల అధ్యాపకులు కలిసి పాఠం తయారుచేసుకుంటారు. ఈ పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది.

కల్చురాలో ఇచ్చే మాటల్లో మన 'మర్యాద'ను చేరిస్తే బాగుంటుందని నాకు అనిపిస్తుంది. మన పిల్లలు ఏం రాస్తారు? పెద్దలను 'మీరు' అనడం, ఇంటికొచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళివ్వడం, భోంచేసి వెళ్ళమని పట్టుబట్టడం. ఎవరో ఒకరు తప్పకుండా 'పెళ్ళిలో మగపెళ్ళివారికి మర్యాదలు తక్కువయ్యాయి' అని కూడా రాస్తారు. అది చదివి ఫ్రాన్స్ అమ్మాయి అడుగుతుంది: 'తక్కువైంది ఏమిటి?' మనవాడు ఒక్క నిమిషం ఆగి, ఫోన్ తీసి, ఊళ్ళో ఉన్న నానమ్మకు కలుపుతాడు.

నమస్కారం.