ప్రైవేట్ థెరపిస్ట్ దగ్గరికి మొదటిసారి వెళ్తున్నారా? లోపల ఏం జరుగుతుందో చెప్తాను

అందరికీ నమస్తే అండి. ఈ టాపిక్ చాలా రోజుల్నుంచి అడుగుతున్నారు, ముఖ్యంగా మన వైజాగ్ పిల్లలు. రుషికొండ వైపు ఐటీ జాబులు చేసేవాళ్ళు, ఎంవీపీ కాలనీలో హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు, కొత్తగా పెళ్ళై గాజువాక వచ్చిన అమ్మాయిలు... "వెళ్దామనే ఉంది, కానీ లోపలికెళ్ళాక ఏం అడుగుతారో తెలీదు, భయంగా ఉంది" అంటున్నారు. నేను చూసినంతలో చాలామంది థెరపీ పనిచెయ్యక మానెయ్యట్లేదండి, మొదటి సిట్టింగ్‌కి ఏదో ఊహించుకుని వెళ్ళి, అది జరగక, ఇక రెండోసారి ఆ వైపే వెళ్ళట్లేదు. అందుకే ఈ వీడియో.

మన ఊళ్ళో పెరిగినవాళ్ళందరూ "వీణ్ణి చినవాల్తేరు పంపాలి" అనే మాట వినే ఉంటారు. అక్కడ గవర్నమెంట్ మానసిక ఆసుపత్రి ఉంది కదా, ఆ పేరు పెట్టి ఏడిపించేస్తారు. అది వింటూ పెరిగినవాళ్ళకి ఒక మామూలు క్లినిక్ మెట్లెక్కాలన్నా కాళ్ళు రావు. నాకు ఆ మాట వింటే నిజంగా బాధేస్తుంది. అక్కడికెళ్ళేవాళ్ళూ మనలాంటి మనుషులే, మందులు తీసుకుని ఇంటికొచ్చి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళూ ఉన్నారు.

సరే, ఎవరి దగ్గరికి వెళ్ళాలి? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన సైకియాట్రీ చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతోనే వైద్యం, వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ అడగండి, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో మీరే చెక్ చేసుకోవచ్చు. ఇక కౌన్సిలర్ అనే బోర్డు... అది పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఒకే రకం చదువు ఉందని అనుకోకండి. ఎంఏ, ఎంఎస్సీ సైకాలజీ చేసి చాలా బాగా పనిచేసేవాళ్ళున్నారు, పది రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. "ఎక్కడ చదివారండి, ఎక్కడ ట్రైనింగ్ అయ్యారు, నాలాంటి కేసులు చూశారా" అని ఫోన్‌లోనే అడిగెయ్యండి. బాగా చదువుకున్నవాళ్ళు ఈ ప్రశ్నకి ఏమాత్రం నొచ్చుకోరు. నొచ్చుకున్నారంటే మీకు జవాబు దొరికేసినట్టే.

ఇంకొకటి, నాన్నగారి ఫ్రెండో, అత్తయ్యగారికి తెలిసినావిడో సైకాలజిస్ట్ అని వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. వాళ్ళు ఎంత మంచివాళ్ళైనా సరే, రేపు ఏదో పెళ్ళిలో ఎదురుపడే మనిషి ముందు మీరు నోరు విప్పలేరు.

ఇప్పుడు మొదటి సిట్టింగ్. నలభై ఐదు నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది. ముందు ఒక ఫారం ఇస్తారు, పేరు, వయసు, వాడుతున్న మందులు, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా... కిందికొచ్చేసరికి "అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి" అని ఉంటుంది. చాలామంది పెన్ను ఆగిపోయేది అక్కడే, ఇంట్లో చెప్పకుండా వచ్చాం కదా మరి. అమ్మానాన్నలదే రాయాలని రూలేం లేదు, నమ్మకమున్న ఫ్రెండ్ నంబర్ రాయొచ్చు. ఆ నంబర్‌కి ఎప్పుడు, ఎందుకు ఫోన్ చేస్తారో కూడా అడగండి.

కొంతమంది డిప్రెషన్ ఎంతుందో చూడటానికి తొమ్మిది ప్రశ్నల పేపర్ ఒకటి ఇస్తారు, పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి, నీరసం, ఇలాంటివి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయో సున్నా నుంచి మూడు దాకా మార్కు పెట్టాలి, మొత్తం 27కి. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండు అనో, నన్ను నేను గాయపరుచుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అన్న ప్రశ్న. ఇక్కడ భయపడి సున్నా పెట్టేస్తారు, పోలీసుల్ని పిలుస్తారేమో, అడ్మిట్ చేసేస్తారేమో అని. ఆ ఒక్క మార్కు చూసి అలా చెయ్యరండి. నిజం రాస్తే థెరపిస్ట్ నెమ్మదిగా ఇంకొన్ని ప్రశ్నలు అడుగుతారు, ఎప్పుడొస్తున్నాయి, ఏదైనా చెయ్యాలని ప్లాన్ ఉందా, ఇంట్లో తోడు ఎవరున్నారు అని. అలాంటి ఆలోచన వచ్చిందని చెప్పడం ఒకటి, ఇప్పుడే ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి ఒకటి, ఆ తేడా వాళ్ళకి బాగా తెలుసు. దయచేసి ఆ ఒక్క ప్రశ్న దగ్గర అబద్ధం రాయకండి.

ఆ తర్వాత అంతా ప్రశ్నలే. మీరేమో మూడేళ్ళ బరువు మోసుకుని వెళ్ళి, చెప్పెయ్యగానే "ఇలా చెయ్యి నాన్నా" అని ఎవరో దారి చూపిస్తారని కూర్చుంటారు, వాళ్ళేమో చిన్నప్పటి విషయాలు, ఉద్యోగం, నిద్ర, తాగుడు అలవాటు, ఇవన్నీ అడిగి రాసుకుని "వచ్చే వారం కలుద్దాం" అంటారు. బయటికొచ్చి ఆటో ఎక్కాక అనిపిస్తుంది, ఇంత డబ్బిచ్చి నా కథ నేనే చెప్పుకుని వచ్చానా అని. ఆరోజు రాత్రి మనసు ఇంకా బరువెక్కొచ్చు కూడా, ఎన్నాళ్ళుగానో మూసిపెట్టింది తెరిచారు కదా. అది సహజం. వీలైతే మొదటిసారి సిట్టింగ్ అయ్యాక వెంటనే ఆఫీస్ మీటింగ్ పెట్టుకోకండి, కాసేపు బీచ్ రోడ్డులో నడవండి, ఇంటికెళ్ళి తిని పడుకోండి.

ఇక అందరికన్నా పెద్ద భయం, బయటికి చెప్తారా అని. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో గోప్యత పేషెంట్ హక్కు అని రాసి ఉంది. మీకు పద్దెనిమిది దాటితే, ఫీజు మీ నాన్నగారు కడుతున్నా సరే, "మావాడు లోపల ఏం చెప్పాడండి" అని ఆయన అడిగితే చెప్పకూడదు. మినహాయింపులు ఉన్నాయి, మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉంటే, కోర్టు ఆర్డర్ ఉంటే చెప్పొచ్చు. చిన్నపిల్లల మీద లైంగిక వేధింపుల విషయం బయటపడితే పోక్సో చట్టం ప్రకారం రిపోర్ట్ చెయ్యాల్సిందే. ఇవన్నీ మొదటిరోజే థెరపిస్ట్ మీకు చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి. వెయిటింగ్ రూమ్‌లో తెలిసినవాళ్ళు కనిపిస్తారని భయమైతే ఖాళీగా ఉండే టైమ్ అడగండి, లేదా ఆన్‌లైన్ తీసుకోండి. ఆన్‌లైన్ అయితే చోటు మాత్రం ముందే చూసుకోండి, పక్క గదిలో అమ్మ ఉంటే మాట్లాడేది సగమే అవుతుంది. కారు పార్క్ చేసుకుని హెడ్‌ఫోన్స్‌తో మాట్లాడేవాళ్ళున్నారు, నడుపుతూ మాత్రం వద్దు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా ముందే తేల్చుకోండి. సిట్టింగ్‌కి ఎంత, ఎన్ని గంటల ముందు చెప్తే క్యాన్సిల్ చార్జ్ పడదు, స్టూడెంట్లకి తగ్గిస్తారా. చాలామంది వారానికొకసారి రమ్మంటారు, అంటే నెలకి నాలుగు ఫీజులు, అది లెక్కేసుకునే మొదలుపెట్టండి. అంత పెట్టలేకపోతే గవర్నమెంట్ ఆసుపత్రి కేజీహెచ్‌లో సైకియాట్రీ విభాగం ఉంది, చినవాల్తేరు ఆసుపత్రి ఓపీ ఉంది. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలి మానస్ అనే గవర్నమెంట్ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఏ టైమ్‌లో అయినా చెయ్యొచ్చు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గట్టిగా ఉంటే వచ్చే వారం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఈ నంబర్‌కి చెయ్యండి, లేదా ఎవరినైనా తోడు తీసుకుని హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.

తర్వాత వారాల్లో పని మొదలవుతుంది. సీబీటీ, అంటే మన ఆలోచనల్ని, అలవాట్లని పరీక్షించి మార్చుకునే పద్ధతి అయితే హోమ్‌వర్క్ ఉంటుంది. ఉదాహరణకి మేనేజర్ మెసేజ్ చూసి గుండె దడ వచ్చింది అనుకోండి, ఆ క్షణంలో ఏమనుకున్నారు, ఒంట్లో ఏమైంది, తర్వాత ఏం చేశారు, అది రాసుకెళ్ళాలి. "నన్ను తీసేస్తారు" అని రాశారంటే, అలా అనుకోవడానికి ఆధారమేంటి, కాదనడానికి ఏముంది అని ఇద్దరూ కూర్చుని చూస్తారు. వేరే పద్ధతుల్లో ఇలా రాతపని ఉండకపోవచ్చు. ఏ పద్ధతో, సుమారు ఎన్ని సిట్టింగులు పట్టొచ్చో అడగడం మీ హక్కు.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదండి. నాలుగో వారానికి "ఈవిడకి నేను అర్థం కావట్లేదు" అనిపిస్తే మాయమైపోకండి, ఫోన్ ఎత్తకుండా ఉండిపోకండి. వెళ్ళి ఆ మాటే చెప్పండి, "మేడమ్, పోయినసారి మీరన్నది నాకు నచ్చలేదు, నాకు ఏం ఉపయోగం కనబడట్లేదు" అని. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని పెరిగాం కాబట్టి మనకి ఇది చాలా కష్టం. కానీ ఆ గదిలో అది తప్పు కాదు, మంచి థెరపిస్ట్‌కి అదే కావాలి, అక్కడి నుంచి దారి మార్చి పనిచేస్తారు. అప్పటికీ కుదరకపోతే వేరేవాళ్ళ పేరు చెప్పమని అడగండి, చెప్తారు.

అయితే కొన్నింటికి మాత్రం చర్చ అక్కర్లేదు, లేచి వచ్చెయ్యండి. మూడు సిట్టింగుల్లో గ్యారంటీగా తగ్గిస్తాననడం, మీ కులం గురించో ప్రేమ గురించో తీర్పులు చెప్పడం, మీరు వాడుతున్న మందులు డాక్టర్‌ని అడక్కుండా ఆపెయ్యమనడం, బయట కలుద్దాం అనడం, చెయ్యి వెయ్యడం. వీటిల్లో ఏదైనా సరే మీ తప్పు కాదు, వేరే మనిషిని వెతుక్కోండి.

మందులు వాడుతూ థెరపీకి వెళ్ళేవాళ్ళ ప్రశ్నలు చాలా వచ్చాయి, అది వచ్చే వీడియోలో విడిగా మాట్లాడతాను. ఉంటానండి.