గడియారం ఆగాలంటే

శ్రోతలకు నమస్కారం.

విజయనగరం స్టేషన్ నుంచి మూడు లాంతర్ల దాకా జట్కాలు తిరిగిన రోజులు మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. మా వీధి చివర జట్కా తాత ఒకాయన ఉండేవాడు. బండి ఆపగానే బాడుగ అడిగేవాడు కాదు. గుర్రం ముందుకాలి వెనక, తంగు (పొట్ట కిందినుంచి వచ్చే పట్టీ) బిగించే చోట, అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. “ఏటి తాతా చూస్తన్నావు?” అంటే, “గుండె సర్దుకుందో లేదో” అనేవాడు. ఉలవల సంచి మూతికి తగిలించడం ఆ తరవాతే.

సరిగ్గా అదే చోట స్టెతస్కోప్ పెట్టి చూసే పోటీ ఒకటుంది. ఎండ్యూరెన్స్ రైడింగ్, అంటే దూరాల గుర్రపు స్వారీ. అందులో పేరు మోసింది టెవిస్ కప్. కాలిఫోర్నియాలో 1955లో వెండెల్ రోబీ అనే ఆయన మొదలుపెట్టాడు. 24 గంటల్లో వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు. మన ఊళ్లో బయల్దేరితే పలాస దాటిపోతాం. అదీ కొండదారిలో.

దారిలో అక్కడక్కడ పశువైద్యుల తనిఖీ ఉంటుంది. ఊరికే నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది. పోటీలో మామూలుగా పెట్టే హద్దు 64. తమాషా ఏమిటంటే, తనిఖీ దగ్గరికి చేరినంత మాత్రాన గడియారం ఆగదు. గుండె హద్దులోకి వచ్చాకే ఆగుతుంది. ఒకడు దౌడు తీయించి ఐదు నిమిషాలు ముందొచ్చాడనుకోండి. వాడి గుర్రం కుదుటపడడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. రెండోవాడు కాస్త దూరం ఉండగానే దిగి, తంగు వదులు చేసి, పక్కన నడుస్తూ వచ్చాడు. వాడి గుర్రానికి మూడు నిమిషాలు చాలింది. లెక్క వేసుకోండి, రెండోవాడే నాలుగు నిమిషాలు ముందు!

‘పూర్తి చేస్తే గెలిచినట్టే’ అంటారు ఈ స్వారీ చేసేవాళ్లు. నేను పూర్తిగా ఒప్పుకోను. టెవిస్‌లో గడువులోగా చేరి, గుర్రం ఇంకా నడవగలిగేలా ఉంటే అందరికీ వెండి బెల్టు బకిల్ ఇస్తారు, నిజమే. మొదట వచ్చినవాడికి కప్పూ ఇస్తారుగా! కరణం మల్లీశ్వరి పుట్టిన జిల్లా పక్కన కూర్చుని గెలుపు వద్దంటే ఎవరు వింటారు? కాకపోతే, 2000లో సిడ్నీలో ఆమె ఎత్తిన బరువుకి నొప్పెట్టినా ఆమె నడుమే. ఇక్కడ పందెం మనిషిది, ఊపిరి గుర్రానిది. వద్దని చెప్పడం దానికి చేతకాదు.

చదునైన ఎడారి దారుల్లో వేగం పిచ్చి ముదిరి గుర్రాలు దెబ్బతింటున్నాయని 2015లో అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య యూఏఈ సమాఖ్యను కొన్ని నెలలు సస్పెండ్ చేసింది కూడా.

టెవిస్‌లో 1964 నుంచి హ్యాగిన్ కప్ అని ఇంకొకటుంది. మొదటి పదిమంది గుర్రాల్ని మర్నాడు పొద్దున్న మళ్లీ చూసి, ఏది ఎక్కువ హుషారుగా ఉంటే దానికిస్తారు. రాత్రి గెలిచినవాడికి అప్పటిదాకా టెన్షనే.

మా జట్కా తాత ఒక్క విషయంలో పొరబడ్డాడు. చెమట ఆరేదాకా గుర్రానికి నీళ్లు పెట్టేవాడు కాదు. వేడి మీదున్నా తాగనివ్వాలంటారు ఇప్పటి వైద్యులు. అందుకే దూరాల స్వారీలో వాగు కనిపిస్తే ఆపుతారు. గుర్రం తీరిగ్గా తాగుతుంటే వెనకవాడు దాటి వెళ్లిపోతాడు. పోనిస్తారు.